ఎనిమిదో తరగతి జట్టు కథల గురించి తల్లిదండ్రులకు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఎనిమిదో తరగతి తెలుగు నోటుపుస్తకంలోని ఒక పేజీ ఫొటో గత వారం మీ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. పాఠంలోని కొడుకు తండ్రిని “నువ్వు” అని ఎదిరించే పేజీ అది. “పాఠాన్ని మార్చి రాయిస్తున్నారా, ఇదేం చదువు?” అని చాలామంది అడిగారు. అడగడం మంచిదే. ఆ పేజీకి ముందూ వెనకా ఏముందో తెలియాలి కాబట్టి ఈసారి ఉత్తరం దాదాపు అంతా దాని గురించే.

మిగతావి గబగబా: త్రైమాసిక పరీక్షల టైంటేబుల్ డైరీలో అంటించాం, లైబ్రరీ పుస్తకాలు నెలాఖరులోగా తిరిగి రావాలి, గుర్తింపు కార్డు పోయినవాళ్లు ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి.

ఆ పేజీ పిల్లలు జట్లుగా రాస్తున్న ఫ్యాన్ ఫిక్షన్‌లోది. ఫ్యాన్ ఫిక్షన్ అంటే నచ్చిన కథలోని పాత్రలను తీసుకుని, ఆ కథ చెప్పకుండా వదిలేసిన సంగతిని మనం రాయడం. తరగతిలో నలుగురిది ఒక జట్టు, జట్టుకు ఒక నోటుపుస్తకం. మొదటి పేజీలో మూలకథ పేరు, రచయిత పేరు తప్పనిసరి. రెండో పేజీలో ఆధార పట్టిక: ఏ పాత్ర వయసెంత, ఎవరు ఎవరిని ఎలా పిలుస్తారు, ఏ సంగతులు మార్చకూడదు. ఒక్కో సంగతి పక్కన వాచకంలోని పేజీ నంబరు వేయాలి. దీనికే రెండు పీరియడ్లు పడుతుంది, ఎందుకంటే పాఠాన్ని మూడు నాలుగు సార్లు చదవనిదే పట్టిక నిండదు. ప్రశ్నలకు జవాబులు వెతుక్కోవడానికి ఏ పిల్లా అంత శ్రద్ధగా చదవదు.

తర్వాత ఒక్కొక్కరు 150 మాటలు రాసి పక్కవారికి అందిస్తారు. నలుగురివీ నాలుగు రంగుల పెన్నులు. రెండు విడతలు తిరిగేసరికి 1,200 మాటల కథ తయారవుతుంది. అప్పుడు పక్క జట్టు దాన్ని చదివి, ఫలానా వాక్యం అని చూపించి రెండు ప్రశ్నలు వేయాలి. “బాగుంది” అని రాస్తే లెక్కలోకి రాదు. 20 మార్కుల్లో 10 తన రంగులో రాసినదానికి, 5 జట్టు కథకు, 5 పక్క జట్టుకు వేసిన ప్రశ్నలకు.

ఇబ్బందులూ వస్తాయి. బాగా రాసే ఒకరు మిగతా ముగ్గురి భాగాలూ లాగేసుకుంటారు. రంగు పెన్నులు పెట్టింది అందుకే. చిక్కు ఎలా విప్పాలో తోచనప్పుడు అన్నీ తెలిసిన కొత్త పాత్ర ఊడిపడుతుంది, లేదా ఎవరో ఒకరు చచ్చిపోతారు. అందుకని కొత్త పాత్ర ఒక్కటే, చావు జట్టంతా ఒప్పుకుంటేనే.

ఇక ఆ పేజీ. పాఠంలో కొడుకు తండ్రిని “మీరు” అంటాడు. ఆకుపచ్చ సిరాతో రాసిన అమ్మాయి, అప్పు సంగతి బయటపడినచోట దాన్ని “నువ్వు” చేసింది. కోపంలో మర్యాద జారిపోవడాన్ని కావాలనే చూపించింది. అసలు లోపం ఆ తర్వాతి నీలం సిరా భాగంలో ఉంది: కోపం ఎప్పుడు తగ్గిందో చెప్పకుండానే మళ్లీ “మీరు” వచ్చేసింది. పక్క జట్టు పట్టుకున్నదీ అదే. జట్టు కూర్చుని మధ్యలో నాలుగు ముక్కలు చేర్చింది. కొడుకు గుమ్మం దాకా వెళతాడు. చెప్పుల్లో కాలు పెట్టబోయి ఆగుతాడు. వెనక్కి తిరగకుండానే “మీరు తిన్నారా?” అంటాడు. పదమూడేళ్ల పిల్లలు రాశారండీ ఇది! ఆ నలుగురినీ స్టాఫ్ రూముకు పిలిచి అందరి ముందూ చదివించాం.

“సొంతంగా రాయించకుండా ఇంకొకరి కథ మీద రాయించడమేమిటి?” అన్నారు కొందరు. తెల్లకాగితం పిల్లవాడిని పాత్రలు, చోటు, కథ, వాక్యం అన్నీ ఒకేసారి అడుగుతుంది. ఇక్కడ మొదటి మూడూ చేతిలో ఉన్నాయి, శక్తంతా వాక్యం మీద పెట్టవచ్చు. పైగా ఇది మన సాహిత్యానికి కొత్త కాదు. 11వ శతాబ్దంలో నన్నయ మొదలుపెట్టిన భారతాన్ని 13వ శతాబ్దంలో తిక్కన అందుకున్నాడు. మధ్యలో మిగిలిపోయిన అరణ్యపర్వ శేషాన్ని 14వ శతాబ్దంలో ఎర్రన పూరించాడు. నన్నయే రాస్తున్నట్టు రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. ఇంకొకరి శైలిలోకి వెళ్లి రాయాలంటే ఆ శైలిని వాక్యం వాక్యం విప్పి చూడాలి. భాష నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి దారి తరగతి గదిలో దొరకదని మా గట్టి నమ్మకం.

మీరు ఇంట్లో చూపే శ్రద్ధకు కృతజ్ఞతలు. అయితే మూడు విన్నపాలు. పిల్లల భాగాన్ని మీరు తిరగరాయవద్దు. ఫోన్‌లో అడిగి రాయించిన పేరాలు కూడా వస్తున్నాయి. అవి ఆధార పట్టికతో పొసగవు, పాత్ర వయసు దగ్గరే దొరికిపోతాయి, ఆ వాటాకు మార్కులు ఉండవు. జట్టు పుస్తకం నలుగురిది, మీ ఇంట్లో ఒక రోజు ఉండిపోతే మరో ముగ్గురి పని ఆగుతుంది. పేజీల ఫొటోలు దయచేసి ఎక్కడా పెట్టకండి, అందులో పిల్లల పేర్లుంటాయి. సాయం చేయాలనిపిస్తే పైకి చదివించుకుని “తర్వాత ఏమైంది?” అని అడగండి, చాలు.

దిద్దిన కథలు వచ్చే శుక్రవారం నుంచి లైబ్రరీలో ఉంటాయి. ఆ రోజు చివరి పీరియడ్‌లో జట్లు చదివి వినిపిస్తాయి. రాదలచినవారు గురువారంలోగా డైరీలో రాసి పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు