మా పాపకు మూడు నెలలు నిండాయి, కొందరికి కృతజ్ఞతలు చెప్పుకోవాలి

మొన్న శుక్రవారంతో మా పాపకు మూడు నెలలు నిండాయి. అప్పుడే బోర్లా పడటానికి తంటాలు పడుతోంది. బాలింతగా ఉన్నప్పుడే ఈ నాలుగు మాటలు రాయాలనుకున్నాను, కుదరలేదు. ఈ రోజు అత్తమ్మ పాపను ఎత్తుకుని మేడ మీదికి వెళ్ళింది, అందుకే కూర్చున్నాను.

నాకు పదహారేళ్ళ వయసు నుంచి ఫిట్స్ ఉన్నాయి. ఇలా అందరి ముందు చెప్పుకోవడం ఇదే మొదటిసారి. పెళ్ళిచూపుల రోజే మావారికి, అత్తమ్మకు చెప్పేశాం కానీ బంధువుల్లో చాలామందికి ఇప్పటికీ తెలియదు. పొద్దున నిద్ర లేవగానే చేతులు ఉన్నట్టుండి ఎగిరిపడతాయి. నిద్ర చాలకపోతే పూర్తిగా పడిపోతాను. రెండు పూటలా మాత్ర వేసుకుంటే ఏ ఇబ్బందీ లేదు. ఆరేళ్ళుగా ఒక్కసారి కూడా పడలేదు.

కిందటి దసరాకి పూతలపట్టులో మా పుట్టింటికి వెళ్ళినప్పుడు నెల తప్పిన సంగతి తెలిసింది. అటువైపే ఒక ఆసుపత్రిలో చూపించాం. డాక్టరమ్మ నా ఫైలు తెరిచి చూసి, "ఫిట్స్ మాత్ర కడుపులో బిడ్డకు మంచిది కాదు, మూడో నెల దాటేదాకా ఆపెయ్" అన్నారు. తిరుపతికి తిరిగొచ్చాక ఇంటి దగ్గరి క్లినిక్‌లో అడిగితే, "పూర్తిగా ఆపితే ప్రమాదం, సగం వేసుకో" అన్నారు. ఫోన్‌లో వెతికితే నా మాత్ర పేరు పక్కన 'కేటగిరీ సి' అని కనబడింది. మా పిన్ని ఫోన్ చేసి, కడుపుతో ఉన్నప్పుడు ఏ మాత్రా ముట్టొద్దని ఒట్టు వేయించుకుంది. అందరూ నా మంచి కోరేవాళ్ళే. ఎవరి మాట వినాలో తెలియక రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. నాకు నిద్ర పట్టకపోవడమంటేనే సగం జబ్బు.

ఎవరికీ చెప్పకుండా మాత్రను సగానికి విరిచి వేసుకోవడం మొదలుపెట్టాను. మిగిలిన ముక్కల్ని కాగితంలో చుట్టి పసుపు డబ్బా వెనక పెట్టేదాన్ని. ఏడో రోజు పొద్దున పాలగిన్నె దించుతుంటే కుడి చెయ్యి ఒక్కసారిగా ఎగిరింది. కాగిన పాలు గట్టు మీద నుంచి నా పాదాలకు జానెడు దూరంలో పడ్డాయి. అత్తమ్మ పరుగెత్తుకొచ్చి నన్ను పట్టుకుని కింద కూర్చోబెట్టింది. గట్టు తుడుస్తుంటే పసుపు డబ్బా వెనక పొట్లం ఆమె చేతికి దొరికింది. విప్పి చూసింది, లెక్కపెట్టింది. పన్నెండు ముక్కలు. "నాకొక మాట చెప్పుంటే ఇద్దరం కలిసి పోయి అడిగేవాళ్ళం కదమ్మా" అంది, అంతే. తిట్టి ఉంటే అంత ఏడ్చేదాన్ని కాదు.

ఆ సాయంత్రమే ఫోలిక్ యాసిడ్ కోసం కొర్లగుంటలో మేము ఎప్పుడూ వెళ్ళే మెడికల్ షాపుకు వెళ్ళాం. నా మొదటి దండం ఆ షాపు అన్నకే. "ఏమ్మా, ఈ నెల ఫిట్స్ మాత్ర తీసుకోలేదే?" అని ఆయనే అడిగారు. జరిగింది చెప్పి ఫైలు చూపించాను. కౌంటర్ మీద గిరాకీ ఉన్నా పక్కకు జరిగి ఒక్కో కాగితం తిప్పారు. అన్నిటికన్నా పైన ఉన్నది పాత చీటీ, సోడియం వాల్‌ప్రోయేట్ రాసింది. పెళ్ళి కుదరగానే న్యూరాలజీ (నరాల) డాక్టరుగారు ఆ మందు మార్చి లెవిటిరాసెటమ్ ఇచ్చారు. ఆ కొత్త చీటీ ఫైలులో లేనే లేదు, మావారి ఫోన్‌లో ఫొటోగా ఉంది.

"అమ్మా, ఆపెయ్ అన్న డాక్టరుగారికి ఈ చీటీయే చూపించారా? ఆమె చెప్పింది ఒక మాత్ర గురించి. మీరు వేసుకునేది ఇంకోటి" అన్నారు అన్న.

నాకు కాళ్ళలో వణుకు వచ్చింది. మా ఇంట్లో అందరికీ రెండూ 'ఫిట్స్ మాత్రే'. అన్న తనకు తోచిన సలహా ఏదీ ఇవ్వలేదు. తన కంప్యూటర్‌లో పాత బిల్లులు తీసి, ఏ మాత్ర ఏ నెల దాకా కొన్నాను, కొత్తది ఎప్పుడు మొదలైంది, ఎన్ని మిల్లీగ్రాములు, అన్నీ తేదీలతో ఒక చీటీ మీద రాసి ఇచ్చారు. "రేపు పొద్దున్నే వెళ్ళి మీ న్యూరాలజీ డాక్టరుకు ఇది చూపించండి, వాయిదా వేయొద్దు" అన్నారు.

మర్నాడు స్విమ్స్ ఆసుపత్రి న్యూరాలజీ ఓపీలో డాక్టరుగారు ఆ చీటీ చూసి, "ఇది రాసినవాళ్ళకు ముందు థ్యాంక్స్ చెప్పు" అన్నారు. వాల్‌ప్రోయేట్ వాడిన తల్లులకు పుట్టే పిల్లల్లో వందకు పదిమంది దాకా పెద్ద లోపాలు ఉంటాయట. ఎదుగుదల, తెలివితేటల ఇబ్బందులు వందలో 30 నుంచి 40 మందికి రావచ్చట. అందుకే పిల్లల్ని కనే వయసు ఆడపిల్లలకు వీలైనంతవరకు దాన్ని ఇవ్వరు, నాకు ముందే మార్చింది కూడా అందుకే. ఇప్పుడు నేను వాడే మందును అదొక్కటే వాడితే, ఏ మందూ వాడని వాళ్ళతో పోల్చి చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదట. ఏ మందూ వాడకపోయినా వందకు ఇద్దరు ముగ్గురు పిల్లల్లో ఏదో ఒక పెద్ద లోపం ఉంటుందన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. వాల్‌ప్రోయేట్ వాడుతున్నవాళ్ళు కూడా తమంతట తాము ఒక్కసారిగా మానేయకూడదని, డాక్టరు చూస్తుండగా మార్చుకోవాలని మరీ మరీ చెప్పారు.

"మరి కేటగిరీ సి?" అని అడిగాను. అది అమెరికా వాళ్ళు మందులకు పెట్టిన పాత అక్షరమని, మనుషుల మీద సరిపడా సమాచారం లేని మందులు చాలావాటిని ఆ గంపలోనే వేశారని, చదివినవాళ్ళు తప్పుగా అర్థం చేసుకుంటున్నారని 2015 నుంచి వాళ్ళే ఆ అక్షరాలు తీసేస్తూ వచ్చారని చెప్పారు. నేను వారం పాటు భయపడింది ఆ ఒక్క అక్షరం చూసి.

తర్వాత ఆయన చేసిన పని నేను జన్మలో మర్చిపోను. నా గైనకాలజిస్టు మేడం నంబరు అడిగి, నా ఎదురుగానే ఫోన్ చేశారు. ఐదు నిమిషాలు కూడా మాట్లాడి ఉండరు. నెలరోజులుగా ఒకరి మాట ఇంకొకరికి మోస్తున్న బరువంతా ఆ ఐదు నిమిషాల్లో దిగిపోయింది. ఫోన్ పెట్టేసి ఒక కాగితం రాశారు. మాత్ర పూర్తి డోసులో ఆపకుండా వేసుకోవాలి. ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు. నెలలు పెరిగేకొద్దీ ఒంట్లో మందు త్వరగా తగ్గిపోతుంది కాబట్టి డోసు పెంచాల్సి రావచ్చు. ఐదో నెల దాటాక ఫిట్స్ వస్తే పాత జబ్బే అనుకోకుండా బీపీ చూడాలి, కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే గుర్రపు వాతం కావచ్చు. కాన్పు రోజు ఏమీ తినకుండా ఉంచినా ఈ మాత్ర మాత్రం తప్పకూడదు. సాయంత్రం మేడం ఆ కాగితం చదివి, దాని కిందే తన సంతకం పెట్టారు. ఒకే కాగితం మీద రెండు సంతకాలు. మేడం, సార్, మీ ఇద్దరికీ ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే.

మొదట ఆపమన్న డాక్టరమ్మ మీద నాకు కోపం లేదని చెప్పలేను. బిడ్డకు మంచిది కాదన్న ఆమె మాట ఆ పాత చీటీలోని మందు విషయంలో తప్పేమీ కాదు, ఒక్కసారిగా ఆపెయ్యమనడం మాత్రం ఆ మందుకైనా సరికాదు. కానీ ఇప్పుడు ఏ మాత్ర వేసుకుంటున్నావని ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది. మాత్రల అట్ట చేతిలో పెట్టుకుని వెళ్ళాలని నాకూ తెలియలేదు. ఇప్పుడు పాత చీటీలన్నీ వేరే కవర్లో ఉన్నాయి.

మా ఆశా కార్యకర్త అక్కకు కూడా దండం. నెలనెలా 9వ తేదీ ఉచిత పరీక్షల రోజు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. నా తల్లీబిడ్డల కార్డు మీద 'ఫిట్స్, మాత్ర ఆపకూడదు' అని ఎర్ర పెన్నుతో రాయించింది. బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ రోజు బయట బెంచీ మీద నాకంటే ఎక్కువ టెన్షన్ పడింది ఆవిడే. లోపల డాక్టరుగారు వెన్నెముక మీద చాలాసేపు ఆగి, "పూసలన్నీ వరసగా ఉన్నాయమ్మా" అన్నారు. ఆ మాట కోసం ఎన్ని వారాలు ఎదురుచూశానో.

ఏడో నెలలో డోసు పెంచారు. గంగజాతర వారంలో నొప్పులు వచ్చాయి. వీధులన్నీ జనంతో నిండి ఉంటే మావారు సందులు సందులుగా తిప్పి ఆటో తెప్పించారు. కాన్పు గదిలో రాత్రి ఎనిమిదింటికి నర్సమ్మ ఆ కాగితం చూసి గుక్కెడు నీళ్ళతో మాత్ర వేసింది. తెల్లవారుజామున పాప పుట్టింది, రెండు కిలోల తొమ్మిది వందలు.

ఇక అత్తమ్మ. నాకు నిద్ర చెడకూడదని డాక్టర్లు చెప్పారు కాబట్టి, రాత్రి రెండు గంటలకు పాపకు పాలు పట్టే పని ఆమెదే. నేను పిండి ఉంచిన పాలు గిన్నెతో పట్టేస్తుంది. నేను ఒంటరిగా పాపకు స్నానం పోయను, బట్టలు నేల మీద చాప వేసుకునే మారుస్తాను, ఇవి ఆమె పెట్టిన రూళ్ళే. పొద్దున ఎనిమిదికీ రాత్రి ఎనిమిదికీ ఆమె ఫోన్‌లో అలారం మోగుతుంది. నా ఫోన్‌లో పెట్టుకుంటానంటే ఒప్పుకోలేదు.

మెడికల్ షాపు అన్నా, మీరు రాసిచ్చిన చీటీ ఇంకా నా దగ్గరే ఉంది, ఆ రెండు సంతకాల కాగితం పక్కన. వచ్చే నెల మాత్రలకు వచ్చినప్పుడు పాపను కూడా తీసుకొస్తాను.