సెక్రటరీ వార్షిక నివేదిక – 2025

టెక్సస్‌లోని మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం, సంక్రాంతి శుభాకాంక్షలు. పోయినేడు జనరల్ బాడీలో నివేదిక చదువుతుంటే సగం మంది భోజనాల లైన్‌లోకి వెళ్ళిపోయారు, అందుకని ఈసారి ముందే గ్రూప్‌లో పెట్టేస్తున్నా, దయచేసి చదువుకుని రండి.

ఉగాది, బతుకమ్మ, దీపావళి మూడూ బాగా జరిగాయి. వంటల టీమ్‌కి, హాల్ ఇచ్చిన గుడి కమిటీకి, కుర్చీలు సర్దిన వాలీబాల్ కుర్రాళ్ళకి, పిల్లలకి డాన్సులు నేర్పించిన ఆడపడుచులందరికీ పేరుపేరునా థాంక్స్. ఫోటోలు డ్రైవ్‌లో ఉన్నాయి. ఈ ఏడాది అసలు పని అంతా చట్టాలు, ఓట్ల సంగతులు చూసే సివిక్ కమిటీ మీదే పడింది కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తా, ఎవరూ ఏమనుకోవద్దు.

టెక్సస్ చట్టసభ రెండేళ్ళకోసారి 140 రోజులు కూర్చుంటుందని మీకు తెలిసిందే, 2025లో జనవరి 14న మొదలై జూన్ 2తో అయిపోయింది, మధ్యలో గవర్నర్ గారికి బుద్ధి పుడితే స్పెషల్ సెషన్లు. 2023లో వచ్చిన ఎస్‌బీ (సెనేట్ బిల్లు) 4 అలా స్పెషల్ సెషన్‌లో పాసైందే. బోర్డర్ అడ్డదారిలో దాటితే రాష్ట్ర పోలీసులే అరెస్ట్ చెయ్యొచ్చు, జడ్జి మెక్సికోకి పొమ్మని ఆర్డర్ ఇవ్వొచ్చు అనే చట్టం అది. 2024 మార్చి 19న సుప్రీంకోర్టు సరేనంది, అదే రాత్రి ఐదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీల్ కోర్టు ఆపేసింది, అంటే పట్టుమని ఒక్క రోజు కూడా అమల్లో లేదు. 2025 జులైలో అదే కోర్టు జడ్జీలు ముగ్గురు 2-1తో మళ్ళీ ఆపారు, ఆగస్టులో ఫుల్ కోర్టు మేం వింటామంది.

దీంతో మనకేం పని అని గ్రూప్‌లో పెద్ద గొడవే అయింది. "మనం లైన్‌లో నిలబడి వచ్చాం, గోడ దూకినోళ్ళ కోసం మనమెందుకు" అని కొందరు పెద్దలు గట్టిగానే అన్నారు. వాళ్ళ మాటలోనూ న్యాయముంది, సంఘం తరఫున ఆ విషయంలో ఎటూ తీర్మానం చెయ్యలేదు, చెయ్యం కూడా. కానీ 2025లో పాసైన ఎస్‌బీ 8 సంగతి వేరు. జైలు నడిపే ప్రతి షెరీఫ్ ఐస్ వాళ్ళతో, అంటే ఫెడరల్ ఇమిగ్రేషన్ పోలీసులతో, వాళ్ళ పనిలో చెయ్యి కలిపే 287(జీ) ఒప్పందం చేసుకుని తీరాలి, చట్టం 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది, షెరీఫ్‌లకి 2026 డిసెంబర్ 1 దాకా గడువు. ఇది బోర్డర్ దగ్గర జరిగేది కాదు, మన కౌంటీ జైలు కౌంటర్ దగ్గర జరిగేది. తాగి కారు నడిపి డీడబ్ల్యూఐలో దొరికినా, మొగుడూ పెళ్ళాల గొడవకి పక్కింటివాళ్ళు 911 కొట్టినా, బుకింగ్‌లో వేలిముద్రలతో పాటు స్టేటస్ కూడా చూస్తారు, ఓపీటీ (చదువయ్యాక పని చేసుకునే పర్మిట్) టైమ్ దాటిపోయిందని తేలితే బెయిల్ కట్టినా బయటికి రావడం కష్టమే. 2019లో ఇమిగ్రేషన్ వాళ్ళే వల వేసి పెట్టిన ఫార్మింగ్టన్ ఫేక్ యూనివర్సిటీ కేసులో ఇరుక్కున్న పిల్లల్లో చాలామంది మన తెలుగువాళ్ళేనని మర్చిపోయారా? 2025 ఏప్రిల్‌లో చిన్నచిన్న ట్రాఫిక్ కేసులకి కూడా సెవిస్ (విదేశీ విద్యార్థుల స్టేటస్) రికార్డులు తీసేసినప్పుడు అర్ధరాత్రి ఫోన్లు ఎత్తింది మా కమిటీయే.

ఇక ఈ ఏడాది నేను గర్వంగా చెప్పుకునేది ఆస్టిన్ ట్రిప్. ఎస్‌బీ 8 మీద హౌస్ (ప్రతినిధుల సభ) కమిటీ జనం మాట వినే హియరింగ్ పెట్టిన రోజు తెల్లారుజామునే బస్సు బయల్దేరింది. గ్రూప్‌లో థంబ్స్ అప్ కొట్టినవాళ్ళతో లెక్కేస్తే రెండు బస్సులు కావాలి, తీరా చూస్తే ఒక్క బస్సులో వెనక సీట్లన్నీ పులిహోర ట్రేలకే సరిపోయాయి. వర్కింగ్ డే అని తెలుసు, కానీ క్రికెట్ ఫైనల్ రోజు ఇంతమందికీ ఒకేసారి జ్వరం ఎలా వస్తుందో నాకు తెలుసు కదా. టెంపుల్ అనే ఊరి దగ్గర బకీస్ గ్యాస్ స్టేషన్‌లో ఆగి కాఫీ తాగి పది లోపే కాపిటల్‌కి చేరాం. అక్కడ మాట్లాడాలంటే బిల్డింగ్ లోపలికి వచ్చి కియాస్క్‌లో పేరు, బిల్లు నంబరు కొట్టి, అనుకూలమా వ్యతిరేకమా అని టిక్ పెట్టాలి, ఇంట్లో కూర్చుని చేస్తే కుదరదు. మాలో బిల్లుకి అనుకూలమని టిక్ పెట్టినవాళ్ళు ఇద్దరు ఉన్నారు, అదే బస్సులో వచ్చారు, అదే పులిహోర తిన్నారు, నాకు అందులో తప్పేం కనపడలేదు. సభ వాయిదా పడ్డాకే కమిటీ మొదలవుతుందన్నారు, వాయిదా ఎప్పుడో ఎవరికీ తెలీదు, కింద ఎక్స్‌టెన్షన్ కారిడార్‌లో నేల మీదే కూర్చున్నాం. మన రిటైర్డ్ లెక్చరర్ మాస్టారి వంతు వచ్చేసరికి బాగా రాత్రయింది. రెండే నిమిషాలు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టేసి, "నాకు భయం వేస్తే పోలీస్‌కి ఫోన్ చేస్తాను, రేపు నా స్టూడెంట్ పోలీస్‌కి భయపడి ఫోన్ చెయ్యకపోతే దానికి మీలో ఎవరు జవాబు చెప్తారు" అని అడిగారు. ఎర్ర లైట్ వెలిగింది. ఎవరూ ప్రశ్న అడగలేదు, ఒక మెంబర్ గారైతే ఫోన్‌లోంచి తలెత్తలేదు. బిల్లు పాసైంది, జూన్‌లో గవర్నర్ సంతకం కూడా అయింది. అయినా మాస్టారి మాట వీడియో రికార్డులో ఉంది, ఎవరూ చెరపలేరు.

సెషన్ అయ్యాక హౌస్ జర్నల్ తీసి మన ఏరియా మెంబర్లు ఏ బిల్లుకి ఎటు ఓటేశారో ఒక్క పేజీలో తెలుగులో, ఇంగ్లీష్‌లో వేసి పంచాం. ఎవరికి ఓటెయ్యాలో చెప్పలేదు, మనది 501(సీ)(3), అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థ, చెప్పకూడదు. ఆ పేజీ పట్టుకుని ఒక ప్రతినిధి ఆఫీసుకి అపాయింట్‌మెంట్ అడిగితే మూడుసార్లు వాయిదా వేసి, చివరికి పండగ శుభాకాంక్షల లెటర్ ఒకటి పంపారు. బతుకమ్మ స్టేజీ మీద శాలువా కప్పించుకోడానికి మాత్రం ఆయనకి తీరిక దొరికింది. వచ్చే ఏడు శాలువా ముందా జవాబు ముందా అనేది ఈసీ (ఎగ్జిక్యూటివ్ కమిటీ) తేల్చాలి, నా ఓటు ఎటో చెప్పక్కర్లేదు.

ఇలాంటివాళ్ళని మధ్యలోనే ఓటేసి దింపే రీకాల్ చెయ్యలేమా అని ఒక తమ్ముడు అడిగాడు. అరిజోనాలో చేశారు, ఇమిగ్రేషన్ మీద ఎస్‌బీ 1070 చట్టం తెచ్చిన సెనేట్ ప్రెసిడెంట్ రసెల్ పియర్స్‌ని 2011 నవంబర్‌లో జనం దింపేశారు. టెక్సస్‌లో స్టేట్ మెంబర్లకి రీకాల్ లేదు. మనకున్నది ప్రైమరీ, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ఎన్నిక, ఒక్కటే.

అక్కడే నాకు ఒళ్ళు మండేది. ఇక్కడ ఓటర్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో అవ్వదు, కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వాలి. ఫారాలు తీసుకోవాలంటే డిప్యూటీ రిజిస్ట్రార్‌గా కౌంటీ దగ్గర పేరు రాయించుకోవాలి, ఫ్రిస్కో సగం కాలిన్‌లో సగం డెంటన్‌లో ఉంది కాబట్టి రెండు చోట్లా. దానికి సిటిజన్ అయ్యుండాలి. ముందుకొచ్చే కుర్రాళ్ళంతా హెచ్‌1బీ, ఎఫ్1 వాళ్ళు, సిటిజన్‌షిప్ ఉన్న పెద్దవాళ్ళేమో శనివారం కాస్ట్‌కో వదిలి రారు. సెప్టెంబర్‌లో లక్ష డాలర్ల హెచ్‌1బీ ఫీజు వార్త రాగానే పెట్టిన మీటింగ్‌కి హాల్ బయట కూడా నిలబడ్డారు, అది ఫెడరల్ విషయం, మన స్టేట్ మెంబర్ చేతిలో ఏమీ లేదు. చేతిలో ఉన్న విషయానికి మాత్రం టేబుల్ దగ్గర ఇద్దరు అక్కలే కూర్చున్నారు, రోజూ వాళ్ళే. ఆ ఇద్దరికీ సంఘం రుణపడి ఉంది.

లెక్కలు: ట్రెజరర్ గారు షీట్ పంపారు, ఆడిట్ అయింది, బస్సు అద్దె ఒక్కటే బడ్జెట్ దాటింది, మిగతావి మామూలే. డౌట్లుంటే ఆయన్నే అడగండి.

ప్రైమరీ 2026 మార్చి 3న. రిజిస్ట్రేషన్‌కి ఆఖరి రోజు ఫిబ్రవరి 2, ఎర్లీ ఓటింగ్ 17 నుంచి 27 దాకా. ఇల్లు మారినవాళ్ళు అడ్రస్ మార్చుకోండి. జనరల్ బాడీ రోజు గుమ్మం దగ్గరే ఫారాలు, పెన్నులు ఉంటాయి, భోజనాల లైన్ దాని తర్వాతే పెట్టించాను.

ఇట్లు,
మీ సెక్రటరీ