నారిచ్ చుట్టుపక్కల కుంట వెతుక్కోవడం

అమ్ములూ,

నారిచ్‌లో ఇల్లు కుదిరిందన్నావు, చాలా సంతోషం. ఆదివారాలు గాలం వేసుకుని కూర్చోడానికి సందడి లేని చోటేదైనా చెప్పమని అడిగావు. ఫోన్లో రెండు పేర్లు చెప్పేయొచ్చు గానీ, నాకు తెలిసిన పేర్లు అందరికీ తెలిసినవే. అందరికీ తెలిసిన చోట సందడి ఉండనే ఉంటుంది. అందుకని వెతుక్కునే పద్ధతి రాస్తున్నాను. కాస్త ఓపిగ్గా చదువు.

నెట్‌లో వెతికితే ముందుగా తగిలేవి టికెట్టు పెట్టి నడిపే చెరువులు. కిక్కిరిసిన కార్ప్ చేపలు, గట్టు పొడవునా చెక్క బల్లలు, పక్కనే కార్ పార్కు. చిన్నపిల్లలకీ, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకీ అవి ఎంతో మేలు చేస్తున్నాయి, వాటిని నేనేమీ అనను. కానీ నీకు నచ్చింది పాత పద్ధతి: ఒక గడ, ఒక బెండు, ఒక కొక్కెం, జేబులో రొట్టె ముక్క. అరచేతిలో పట్టే చేప పడినా చాలనుకునేవాళ్లకి ఆ చెరువులు సరిపడవు.

ఇంగ్లండ్‌లో నారిచ్ ఉన్న నార్ఫోక్ కౌంటీకి వెళ్లడం నీ అదృష్టం. ఆ కౌంటీలో కుంటలు వేలల్లో ఉన్నాయి. చాలావాటిని 18, 19 శతాబ్దాల్లో రైతులే తవ్వారు. అడుగునున్న సున్నపు బంకమన్ను, అదే మార్ల్, పైకి తీసి ఆమ్లం పెరిగిన పొలాల్లో చల్లేవాళ్లు. మిగిలిన గోతుల్లో నీరు చేరింది, కొన్నిట్లో ఎవరో చేపలు వదిలారు. పోయిన శతాబ్దంలో పొలాలు కలిపి పెద్దవి చేసినప్పుడు ఎన్నో కుంటలు పూడ్చేశారు. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు అక్కడ పూడ్చిన కుంటల్ని మళ్లీ తవ్వితే, 50 నుంచి 150 ఏళ్లు మట్టికింద పడున్న విత్తనాలు మొలిచి నీటిమొక్కలు వచ్చాయట. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

బ్రిటన్ మ్యాపులు వేసే ప్రభుత్వ సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల ఎక్స్‌ప్లోరర్ మ్యాపులు కొను, నారింజరంగు అట్టవి. నీకు 237, 238 నంబర్లు కావాలి. నేలమీద కిలోమీటరు ఆ కాగితంమీద 4 సెంటీమీటర్లు కాబట్టి చిన్న కుంట కూడా నీలిచుక్కగా కనబడుతుంది. బల్లమీద పరుచుకుని, పెద్దరోడ్డుకి దూరంగా, నడకదారికి దగ్గరగా ఉన్న చుక్కల చుట్టూ పెన్సిల్‌తో గీసుకో. తరవాత స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైట్ తెరువు. ఇంగ్లండ్ పాత మ్యాపులు కూడా అందులో ఉచితంగా చూడొచ్చు. మార్ల్ పిట్ (మార్ల్ తవ్విన గొయ్యి), క్లే పిట్ (బంకమన్ను గొయ్యి), బ్రిక్ కిల్న్ (ఇటుకల బట్టీ), ఫిష్ పాండ్ (చేపల కుంట), మోట్ (కందకం) అని ఎక్కడ రాసివుంటే అక్కడ ఆగు. వందేళ్ల కిందటి మ్యాపులోనూ, ఇప్పటి ఉపగ్రహం ఫోటోలోనూ ఉన్న కుంట అంటే అన్నాళ్లూ ఎవరూ పూడ్చలేదన్నమాట. నడిచి చూడ్డానికి అది ముందు వరసలోది.

మొదటిసారి గడ లేకుండా వెళ్లు. తెల్లవారుజామున వెళ్లి, నీ నీడ నీళ్లమీద పడకుండా గట్టుమీద కూర్చుని, అరగంట నీళ్లనే చూడు. కలువాకుల అంచున సూదిమొన అంత బుడగలు గుంపుగా సోడాలా పొంగుతూ మెల్లగా జరుగుతుంటే, అడుగున టెంచ్ అనే చేప బురద కెలుకుతోందని అర్థం. పైపైన చిన్న సుడులు లేచి ఆగిపోతుంటే అది రడ్ అనే చేప. చెట్లు నలువైపులా కమ్మేసి, నీళ్లమీద పచ్చటి నాచుపొర ఈ గట్టునుంచి ఆ గట్టుకి మూసుకుపోయి ఉంటే అక్కడ ఊపిరాడే చేపలు తక్కువ. అయినా క్రూషియన్ కార్ప్ అనే చిన్న రకం కార్ప్ చేప ఉండొచ్చు! అది మొండిది. ప్రాణవాయువు అందనప్పుడు ఒంట్లో పేరుకునే లాక్టిక్ ఆమ్లాన్ని ఆల్కహాలుగా మార్చి మొప్పల్లోంచి వదిలేసి, గడ్డకట్టిన కుంట కింద కూడా చలికాలం గడిపేస్తుంది. నీకు క్రూషియన్ పడితే వీపుమీది రెక్క చూడు. దాని అంచు బయటికి గుండ్రంగా వంగి ఉండాలి, మూతి దగ్గర మీసాలుండకూడదు. గోల్డ్‌ఫిష్‌తో, మామూలు కార్ప్‌తో కలిసి సంకరమైపోయి అసలైన క్రూషియన్లు అరుదైపోతున్నాయి. ఒక్కటి చూసినా నాకు ఫోటో పంపు.

నడకదారి కుంట పక్కనుంచి పోతోందని గాలం వేసే హక్కు రాదు. చేపల హక్కు సాధారణంగా భూమి యజమానిదే. అడక్కుండా పట్టడం 1968 దొంగతనాల చట్టం కింద నేరం. కాబట్టి తలుపు తట్టాలి. కోతలరోజుల్లో వెళ్లకు, చీకటి పడ్డాక వెళ్లకు. పేరు, ఎక్కడుంటావో చెప్పు. ఒక్కదాన్నే వస్తానని, పట్టిన ప్రతి చేపనీ తిరిగి వదిలేస్తానని, గేటు మూసి వెళతానని చెప్పు. కొత్త ముఖం చూసి కొందరు మొదట బిగుసుకుంటారు, టెంచ్ మాట ఎత్తితే చాలామంది సడలుతారు, చిన్నప్పుడు ఆ కుంటలోనే తామూ పట్టామంటారు. వద్దంటే నమస్కారం పెట్టి వచ్చేయ్. సరేనంటే చలికాలంలో ఒకరోజు వెళ్లి, పడిన కొమ్మలు తీయడానికి సాయం చెయ్యి. ఆ ఇంటివాళ్లని అడక్కుండా ఆ చోటు ఎవరికీ చెప్పకు, ఇంటర్నెట్‌లో అసలు పెట్టకు. ఈ విషయంలో నేను చాలా పట్టింపుగా ఉంటాను.

తలుపులు తట్టడం ఇబ్బందనిపిస్తే ఊళ్లో గాలాల దుకాణానికి వెళ్లు. పనిరోజు మధ్యాహ్నమైతే రద్దీ ఉండదు. పురుగుల ఎర కొను, చిన్న క్లబ్బుల గురించి అడుగు. కొన్ని క్లబ్బుల దగ్గర పెద్ద చెరువుతోపాటు ఎవరూ పోని పాత కుంట ఒకటి ఉంటుంది. సభ్యులు పెద్ద చేపలకోసం అటు పోతే ఇది ఖాళీగా ఉంటుంది. బ్లిక్లింగ్, ఫెల్‌బ్రిగ్ లాంటి పాత ఎస్టేట్లలోనూ సరస్సులున్నాయి, గాలం వేయనిస్తారేమో కనుక్కో.

రాడ్ లైసెన్స్, అంటే గాలం వేయడానికి ప్రభుత్వ అనుమతి, ఎవరి కుంటయినా తప్పదు. లేకుండా దొరికితే జరిమానా 2,500 పౌండ్ల దాకా ఉంటుంది. నదుల్లో, బ్రాడ్స్ అనే నార్ఫోక్ సరస్సుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా గాలం వేయకూడదు. నదులతో కలవని కుంటల్లో చాలావాటికి ఆ నిషేధం లేదు గానీ, యజమాని సొంత నియమం పెట్టుకోవచ్చు, అడుగు.

నా పాత డబ్బాలోంచి గాలం తాడుకి బరువుగా కట్టే సీసం గుళ్లు తీసేశాను. హంసలు మింగి చనిపోతున్నాయని 1987 నుంచి వాటి అమ్మకం ఆపేశారు. బదులుగా విషం కానివి పెట్టాను. కార్బన్ గడలో కరెంటు పారుతుంది, తీగలకి 30 మీటర్ల లోపల గడ ఎత్తకు. మార్ల్ గోతుల గట్లు నిటారుగా ఉంటాయి, వానపడ్డ మర్నాడు అంచుకి పోకు. ఎక్కడికి వెళ్తున్నావో అమ్మకి మెసేజ్ పెట్టు.

వలని ప్రతిసారీ కడిగి పూర్తిగా ఆరబెట్టాకే ఇంకో కుంటలో ముంచు. నీటిమొక్కలూ రోగాలూ అలాగే పాకుతాయి. చేపని మాత్రం ఒక కుంటనుంచి ఇంకో కుంటకి ఎప్పుడూ మోసుకెళ్లకు. దానికి అక్కడి పర్యావరణ ప్రభుత్వ సంస్థ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ అనుమతి కావాలి.

గడ, నెమలీక బెండ్లు, ముల్లు లేని కొక్కేలు పార్సిల్ కట్టాను, ఈ వారంలో పంపుతాను. లైసెన్స్ ఈలోగా తీసుకో. మ్యాపులో గీసుకున్న చుక్కల్ని ఫోటో తీసి పంపితే రాత్రికి కూర్చుని చూస్తాను.

ప్రేమతో,
నాన్న