రీషీ పొడి మీద ఆ రాతలేమిటి?

సంపాదకులకు,

మీ ఆరోగ్యం పేజీలో రీషీ పుట్టగొడుగు వ్యాసం వచ్చి వారం దాటింది. సవరణ వేస్తారేమోనని చూశాను, వేయలేదు. బీపీకి, షుగరుకు, క్యాన్సరుకు అన్నిటికీ కాఫీలో చెంచాడు పొడి చాలని రాసేముందు తెలిసినవాళ్లను ఒక్కమాట అడగాల్సింది.

రీషీ చెక్కముక్కలా గట్టిగా ఉంటుంది. అందులోని బీటా గ్లూకాన్లు అనే పీచు పదార్థాలు కైటిన్ అనే గట్టి పదార్థపు గోడల్లో బిగుసుకుని ఉంటాయి, కాఫీలో కలిపినంత మాత్రాన దిగవు. పలచగా తరిగి సన్నటి సెగ మీద గంటా రెండు గంటలు మరగనివ్వాలి. చైనా ఫార్మకోపియా (అక్కడి అధికారిక మందుల గ్రంథం) చెప్పిన మోతాదు రోజుకు 6 నుంచి 12 గ్రాముల ఎండు పుట్టగొడుగు. చేదునిచ్చే ట్రైటర్పీన్లు అనే పదార్థాలు నీళ్లలో అంతగా దిగవు, వాటికి ఆల్కహాలు కావాలి. బొత్తిగా చేదు లేని పొడిని అనుమానించాల్సిందే.

ఇక క్యాన్సరు మాట. మొదటి చికిత్సగా రీషీని వాడడానికి తగిన ఆధారాలు లేవని, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష 2016లోనే తేల్చింది. అసలు చికిత్సకు తోడుగా పనికిరావచ్చు, అంతవరకే. టైప్ 2 షుగరు ఉన్నవాళ్ల గుండె ముప్పు తగ్గిస్తుందనడానికీ ఆధారం లేదని 2015 నాటి మరో సమీక్ష చెప్పింది. మీ వ్యాసం చదివి ఎవరైనా మందులు ఆపేస్తే బాధ్యత ఎవరిది? రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, ఆస్పిరిన్ వాడేవాళ్లకు రక్తస్రావం ముప్పు పెరగొచ్చు. ఆపరేషన్‌కు కనీసం రెండు వారాల ముందే ఆపాలి. అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టకూడదు. పొడి వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికలకెక్కాయి. వీటిలో ఒక్కటీ మీ వ్యాసంలో లేదు!

అమ్మే సరుకు సంగతి ఇంకా ఘోరం. అమెరికాలో 19 రీషీ ఉత్పత్తులను పరీక్షిస్తే లేబుల్‌కు తగ్గట్టున్నవి 5 మాత్రమేనని 2017లో వచ్చిన ఓ పరిశోధన చెప్పింది. ధాన్యం మీద మైసీలియం (పుట్టగొడుగుకు వేళ్లలాంటి సన్నని దారాలు) పెంచి, ధాన్యంతో సహా పొడి కొట్టి అమ్మేవాళ్లున్నారు. చిటికెడు పొడిని నీళ్లలో మరిగించి, బాగా చల్లారాక రెండు చుక్కల టింక్చర్ అయోడిన్ వేయండి. ముదురు నీలానికి తిరిగితే అందులో పిండి ఉన్నట్టే. లేబుల్ మీద ‘పాలీశాకరైడ్లు’ (బీటా గ్లూకాన్ల లాంటి చక్కెర గొలుసులు) అని శాతం వేస్తారు. పిండిపదార్థమూ పాలీశాకరైడే కదా! బీటా గ్లూకాన్ల శాతం విడిగా వేయాలని, పుట్టగొడుగో మైసీలియమో చెప్పాలని పట్టుబట్టాల్సిన అధికారులు దరఖాస్తు కాగితాలు చూసి ముద్ర కొట్టేస్తున్నారు. పత్రికలు వాళ్లను నిలదీయాల్సిందిపోయి ప్రకటనల భాషలోనే వ్యాసాలు వేస్తున్నాయి.

అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో సవరణ వేయండి. ఏయే మందులు వాడేవాళ్లు జాగ్రత్తపడాలో అందులో ముందుగా రాయండి.

— ఒక పాఠకురాలు