ఎముక గుళికలకూ గరిష్ఠ ధర పెట్టండి: కేంద్ర రసాయనాలు, ఎరువుల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

2017 ఫిబ్రవరిలో గుండె స్టెంట్లకు, ఆగస్టులో మోకాలి ఇంప్లాంట్లకు మీ శాఖ కింద పనిచేసే, మందుల ధరలు చూసే ఎన్‌పీపీఏ సంస్థ గరిష్ఠ ధర పెట్టింది. విరిగిన ఎముకలో ఖాళీ నింపే కాల్షియం ఫాస్ఫేట్ గుళికలకు కూడా ఆ పని చేయండి సార్.

బైక్ మీద నుంచి పడ్డప్పుడు మోకాలి కింది ఎముక పైభాగం లోపలికి కుంగిపోతుంటుంది. దాన్ని కింద నుంచి పైకి నెట్టి ప్లేటు, స్క్రూలు వేస్తారు, కానీ నెట్టిన చోట కింద బోలు మిగులుతుంది, అది నింపకపోతే కీలు మళ్లీ దిగబడొచ్చు. తుంటి దగ్గర నుంచి సొంత ఎముక తీసి పెట్టడం పాత పద్ధతి, ఇప్పటికీ మంచిదే, కాకపోతే ఇంకో కోత, ఇంకో నొప్పి. అందుకే ఈ గుళికలు వచ్చాయి. మన ఎముకలో ఉన్న ఖనిజం కూడా ఒక రకం కాల్షియం ఫాస్ఫేటే కాబట్టి ఒంటికి పడుతుంది, గుళికల సందుల్లోంచి కొత్త ఎముక అల్లుకుంటుంది.

మా తమ్ముడికి ఇదే ఆపరేషన్ అయింది. ప్లేటు ఖర్చు ముందే చెప్పారు. గుళికల సంగతి మాత్రం వాణ్ణి లోపలికి తీసుకెళ్లాక చెప్పి, వెంటనే డబ్బు కట్టమన్నారు. ఆ టెన్షన్‌లో ఎవరు బేరమాడతారు? బిల్లులో ‘బోన్ గ్రాఫ్ట్’ అని రాసి ఊరుకున్నారు. అది ఏ రకం కాల్షియం ఫాస్ఫేటో, అంటే హైడ్రాక్సీఅపటైటో, ట్రైకాల్షియం ఫాస్ఫేటో, రెండూ కలిపిందో రాయలేదు. మొదటిది ఏళ్ల తరబడి ఒంట్లో అలాగే ఉంటుంది, రెండోది మెల్లగా కరిగి ఎముకకు చోటిస్తుంది. పేషెంటుకు ఆమాత్రం తెలియాలి కదా!

2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాలన్నీ మందుల చట్టం కిందికి వచ్చాయి, ఎమ్మార్పీ ఏడాదికి 10 శాతానికి మించి పెంచకూడదు. బాగానే ఉంది. కానీ మొదట వేసిన రేటే కొండంత ఉంటే ఆ హద్దు వల్ల మాకేం ఒరుగుతుంది?

మన దేశంలో చేయలేనిదీ కాదు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర వైద్య పరిశోధన సంస్థ, అదీ కేంద్ర ప్రభుత్వ సంస్థే, ఈ గుళికల్లాంటి సిరామిక్‌ల మీద, కాల్షియం ఫాస్ఫేట్ సిమెంట్ మీద ఎన్నో ఏళ్లుగా పనిచేస్తోంది. అక్కడివాళ్లను, ఎముకల డాక్టర్లను కూర్చోబెట్టి, ఒక్కో రకానికి గ్రాముకింత, సీసీకింత అని గరిష్ఠ ధర ప్రకటించండి. రకం పేరు, ధర ఆపరేషన్‌కు ముందే కాగితం మీద రాసి ఇవ్వాలని ఆస్పత్రులకు ఉత్తర్వు వచ్చేలా ఆరోగ్య శాఖతో కూడా మాట్లాడండి.

ఇట్లు,
ఒక పేషెంటు అన్న