మంత్రిగారూ, మా కర్నూలుకు ఒక అరుగు కావాలి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కర్నూలు పాతబస్తీలో పుట్టినదాన్ని. బడిలో ముప్పై ఏళ్లకు పైగా సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా ఊరికి పెద్ద ప్రాజెక్టు ఏదో ఇమ్మని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. వచ్చిన మనిషి కాసేపు కూర్చునే వీలు కల్పించమని అడగడానికే రాస్తున్నాను.

మా ఊరి పేరు వెనక కథ మీరు వినే ఉంటారు. ఆలంపురం గుడికి రాళ్లు మోసే బండ్లు తుంగభద్ర దాటే ముందు ఇక్కడ ఆగేవట. ఎద్దులను విప్పి, ఇరుసులకు కందెన రాసుకుని, చల్లబడ్డాక రేవు దాటేవారట. ఆ కందెన వల్లే ఇది కందనవోలు అయిందనీ, అదే కర్నూలు అయిందనీ మా పెద్దవాళ్లు చెప్పేవారు. అంటే మాది ఆగడం కోసం పుట్టిన ఊరు. ఇప్పుడు ఇక్కడ ఎవరూ ఆగడం లేదు. మంత్రాలయం వెళ్లేవాళ్లు, శ్రీశైలం వెళ్లేవాళ్లు, హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లేవాళ్లు 44వ నంబరు జాతీయ రహదారి మీద మా ఊరి పక్క నుంచి దూసుకుపోతున్నారు. ఆగినవాళ్లు కూడా కొండారెడ్డి బురుజు ముందు ఒక సెల్ఫీ తీసుకుని కారెక్కుతారు. అదంతా కలిపి పది నిమిషాల పని.

పోయిన మే నెలలో మా వియ్యపురాలు, వియ్యంకుడు రాజమహేంద్రవరం నుంచి మంత్రాలయం వెళ్తూ మా ఇంటికి వచ్చారు. మధ్యాహ్నం భోజనం చేసి బయలుదేరతామన్నారు. నేను ఒప్పుకోలేదు. రెండు రోజులు ఉండండి, మా ఊరు నింపాదిగా చూపిస్తానన్నాను. ఆవిడకు అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులు. కానీ గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి కదా, నది అనగానే సరేనన్నారు.

పొద్దున ఐదున్నరకే బయటికి వెళ్లాం. మే నెలలో కర్నూలు చూడాలంటే అదే వేళ. ఎనిమిది దాటితే రోడ్డు కాలుతుంది, మధ్యాహ్నానికి 43, 44 డిగ్రీలు కూడా మామూలే. బురుజు దగ్గర ఇంకా రద్దీ లేదు. పక్క సందులో ఉగ్గాని బజ్జి తిన్నాం. నానబెట్టిన బొరుగుల మీద పుట్నాలపొడి చల్లి, వేడివేడి మిరపకాయ బజ్జి పక్కన పెట్టి ఇచ్చింది బండి ఆమె. మా వియ్యపురాలు మొదటి ముద్ద తినగానే కళ్లు తుడుచుకుని, ఇంకో ప్లేటు చెప్పారు. తర్వాత సందుల్లో తిరిగాం. బేతంచెర్ల నాపరాళ్లు పరిచిన గడపలు, మిద్దెల ముందు అరుగులు, ఉర్దూ తెలుగు కలిపి బేరమాడే దుకాణాలు, గోడవారగా గిన్నెల్లో పక్షులకు పోసిన నీళ్లు. ఆవిడ ఒక్కో గడప ముందు ఆగి చూశారు. తలుపు తీసిన వాళ్లు "రాండి అమ్మా, మజ్జిగ తాగి పోదురు" అన్నారు. ఒక్కరు కాదు, ముగ్గురు.

నడుస్తూ నేను చెప్పగలిగినంత చెప్పాను. విజయనగరం వాళ్ల తర్వాత బీజాపూరు సుల్తానుల తరఫున అబ్దుల్ వహాబ్ ఖాన్ ఇక్కడ పాలించాడు. హంద్రీ ఒడ్డున ఆయన సమాధిని మేము గోల్ గుమ్మజ్ అంటాం. జంట గుమ్మటాలు, లోపల అడుగు పెడితే బయటి వేడి గుర్తుకు రానంత చల్లదనం. చివరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను 1839లో ఇంగ్లీషువాళ్లు జొహరాపురంలో బందీగా పట్టుకుని తిరుచిరాపల్లికి తీసుకుపోయారు. ఆ మరుసటి ఏడే ఆయన అక్కడ చనిపోయాడు. జొహరాపురం ఈ రోజు మా ఊళ్లో ఒక ఆటో స్టాప్ పేరు. ఇక్కడ ఒక రాజ్యం ముగిసిందని చెప్పే పలక అయినా అక్కడ నాకు కనిపించలేదు.

తొమ్మిదిన్నరకు ఇంటికొచ్చేశాం. అప్పటి నుంచి సాయంత్రం ఐదు వరకు బయటికి వెళ్లలేదు. వట్టివేళ్ల తడక తడిపి, జొన్నరొట్టె, గోంగూర తిని, నన్నారి షర్బత్ తాగి పడుకున్నాం. మా వియ్యంకుడు లేచి, "ఇట్లా పగటినిద్ర పోయి ఎన్నేళ్లయిందో" అన్నారు. మంత్రిగారూ, ఊరు మత్తుగా ఉండే ఆ ఏడున్నర గంటలను మనవాళ్లు లోపంగా చూస్తారు. నేను అట్లా అనుకోను. ఎండ ఊళ్లో బతకడం తెలిసినవాళ్లు పొద్దున్నే పని చేసుకుని, మధ్యాహ్నం తలుపులు మూసుకుని, సాయంత్రం మళ్లీ తెరుస్తారు. స్లో ట్రావెల్ అని ఈ మధ్య అందరూ అంటున్నది ఇదే కదా. ఇక్కడ రెండు రాత్రులు ఉన్న మనిషి మళ్లీ వస్తాడని నా నమ్మకం.

ఇక బాధపడిన సంగతి చెబుతాను. పొద్దున బురుజు నుంచి గోల్ గుమ్మజ్ వైపు నడుస్తుండగా మా వియ్యపురాలికి కాళ్లు పీకాయి. కూర్చుందామంటే చోటు లేదు. చివరికి మూసి ఉన్న ఒక దుకాణం మెట్టు మీద, షట్టర్‌కు వీపు ఆనించి కూర్చున్నారు. చేతిలో నీళ్ల సీసా ఉంది. తాగడం లేదు. ఎందుకు వదినగారూ అంటే మొదట చెప్పలేదు. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, "తాగితే మళ్లీ వెళ్లాలి కదా, ఇక్కడ ఎక్కడికి వెళ్తాను" అన్నారు. మే నెలలో, మా ఊళ్లో, నా అతిథి నోరెండిపోతున్నా నీళ్ల సీసా మూత తీయలేదు. ఆ రోజు నుంచి ఆ మాట నా మనసులో నుంచి పోవడం లేదు. తప్పు ఫలానావాళ్లదని నేను అనడం లేదు. ఇంతకాలం నేనూ ఆ దారినే నడిచాను. ఇల్లు దగ్గర కాబట్టి నాకు తోచలేదు.

సాయంత్రం నది దగ్గరికి వెళ్లాం. మేలో తుంగభద్ర సన్నబడి బండల మధ్య మడుగులుగా ఉంటుంది. ఒక పుట్టిలో ఇద్దరు పిల్లలు వలతో తిరుగుతున్నారు. అవతలి గట్టు తెలంగాణ. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. గోదావరి అంత నీళ్లుండే నదిని రోజూ చూసే మనిషి, "ఇంత తక్కువ నీళ్లతో ఇంత అందమేమిటి" అన్నారు. కానీ హంద్రీ కలిసే వైపు గాలి తిరిగేసరికి మురుగు కంపుకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది. ఊరి కాలవలు కలిసి కలిసి హంద్రీ అట్లా అయింది. ఇదే హంద్రీ, తుంగభద్ర 2009 అక్టోబర్ 2న రెండూ ఒకేసారి పొంగి పాతబస్తీని ముంచేశాయి. మా ఇంట్లో అటక దాకా నీళ్లొచ్చాయి. మిద్దె మీద రాత్రంతా కూర్చున్నాం. ఆ నీటి గీత మా వెనక గదిలో ఇప్పటికీ ఉంది, సున్నం వేసినప్పుడల్లా ఆ జాన వెడల్పు వదిలేయమంటాను. మా వియ్యపురాలు దానిమీద చెయ్యి పెట్టి చూశారు. నదిని మేము ఎట్లా ఎరుగుదుమో ఆ గీత చూస్తే ఆవిడకు అర్థమైంది.

రెండో రోజు కె.సి. కెనాల్, అంటే కర్నూలు-కడప కాలువ గట్టు మీద నడిచాం. 1863లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించడం మొదలుపెట్టిన కాలువ. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు తీసుకుని కడప దాకా పోతుంది. పొలాలకే కాదు, పడవలు నడపడానికి కూడా తవ్వారు. లండన్‌లో వాటాలు అమ్మి డబ్బు తెచ్చారు, అనుకున్నంత రాబడి రాలేదు, 1882లో ప్రభుత్వమే కొనేసింది. రాయలసీమలో పడవల కాలువ ఉండేదంటే పిల్లలు నమ్మరు. నా క్లాసులో కూడా నమ్మేవాళ్లు కాదు. అందుకే ఏటా ఒకసారి ఆ గట్టు మీదికి తీసుకెళ్లి చూపించేదాన్ని.

ఆంధ్ర రాష్ట్రానికి 1953 అక్టోబర్ 1 నుంచి మూడేళ్లు మేము రాజధాని. ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అని ఇప్పటికీ పిలుస్తున్నామే, అవి ఆ రోజుల పేర్లే. సి క్యాంపు రైతుబజారులో వంకాయలు కొనే పిల్లకు ఆ పేరు ఎందుకొచ్చిందో ఒక పలక మీద రాసి పెడితే ఎంత ఖర్చవుతుంది?

కాబట్టి నేను అడిగేది చిన్నదే. బురుజు నుంచి రోజా దర్గా సందుల మీదుగా నది దాకా, అక్కడి నుంచి గోల్ గుమ్మజ్ దాకా ఒక నడక దారి. దానికి వేపచెట్లు, కానుగ చెట్లు, చెట్ల కింద బేతంచెర్ల నాపరాళ్లతోనే అరుగులు. స్టీలు బెంచీలు వద్దు, మే నెలలో వాటి మీద చెయ్యి పెట్టలేం. నాపరాయి నీడలో ఉంటే సాయంత్రానికి చల్లబడుతుంది. ప్రతి అరుగు దగ్గర కుండలో నీళ్లు. ఆడవాళ్లకు శుభ్రమైన టాయిలెట్లు, తలుపుకు లోపల గడియ పనిచేసేవి, ఊడ్చి కడిగే మనిషికి నెలనెలా జీతం అందేట్టు. కట్టడం కంటే ఈ జీతమే ముఖ్యమని నా అభిప్రాయం. కట్టినవి తాళాలు పడి ఉండడం చాలాచోట్ల చూశాను.

ఎండాకాలం వేళలు కూడా చూడండి. బురుజు, గోల్ గుమ్మజ్ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయని, మీ చేతిలో లేవని తెలుసు. కానీ మీరు ఒక ఉత్తరం రాస్తే దానికి బరువుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారగానే తెరిపించండి. పదింటికి తెరిస్తే మాడిపోయేవాళ్లే చూస్తారు.

హంద్రీ మురుగు సంగతి పెద్ద పని, మీ ఒక్క శాఖతో అయ్యేది కాదు. అయినా అది తేలకుండా ఒడ్డున లైట్లు పెట్టి, రంగుల ఫౌంటెన్ పెట్టి, బోటు షికారు పెడితే లాభం లేదు. దయచేసి ఆ డబ్బు ముందు కాలవల మీద పెట్టించండి. గాజు వంతెనలు మాకు వద్దు. పాతబస్తీ సందులను వెడల్పు చేయడం అంతకంటే వద్దు. ఆ సందులు ఇరుకుగా ఉన్నాయి కాబట్టే పొద్దున తొమ్మిది దాకా నీడ ఉంటోంది.

ఇంకొకటి. ఊరు చూపించడానికి బయటి కంపెనీలను తేకండి. మా దగ్గర చదువుకుని ఖాళీగా ఉన్న పిల్లలున్నారు, ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ వచ్చినవాళ్లు. వాళ్లకు నెల రోజులు నేర్పితే చాలు. నేర్పడానికి నేనున్నాను, నాలాంటి రిటైరైన టీచర్లు ఇంకా ఉన్నారు. మాకు జీతం అక్కర్లేదు.

మా వియ్యపురాలు కార్తీక మాసంలో వాళ్ల అక్కగారిని తీసుకుని మళ్లీ వస్తామన్నారు. తుంగభద్రలో దీపాలు వదలాలట. బురుజు నుంచి గోల్ గుమ్మజ్‌కు వెళ్లే దారిలో, ఆవిడ కూర్చున్న దుకాణం మెట్టుకు ఎదురుగా ఒక పాత వేపచెట్టు ఉంది. అప్పటికి దాని కింద ఒక్క అరుగు వేయించండి, నడిచే దూరంలో ఒక్క టాయిలెట్ కట్టించండి. మిగతావి నిదానంగా చేద్దురు.

ఇట్లు,
కర్నూలు పాతబస్తీ నుంచి ఒక రిటైర్డ్ టీచరు