మోటార్‌హోమ్‌లో కంపు, మొరాయించే జనరేటర్

సంపాదకులకు,

అమెరికాలో మోటార్‌హోమ్ (పడక, వంటగది, బాత్రూం ఉన్న బండి) అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్ జాతీయ పార్కుకు వెళ్లే మనవాళ్లకు రెండు మాటలు. క్యాంపులో మురుగు గొట్టం తగిలించి బ్లాక్ ట్యాంకు (టాయిలెట్ మురుగు చేరే ట్యాంకు) వాల్వు తెరిచి వదిలేయకండి. నీళ్లు జారిపోయి మలం అడుగున గట్టిపడుతుంది. కంపుకు తరచూ మూలం అదే. మూడింట రెండు వంతులు నిండాకే ఖాళీ చేసి, వెంటనే నాలుగైదు గ్యాలన్ల నీళ్లు పోయాలి. సువాసన ద్రవాలు తర్వాతి సంగతి. ఫ్లష్ చేసేటప్పుడు బాత్రూం పైకప్పు ఫ్యాన్ ఆపండి, లేకుంటే అది ట్యాంకులోని కంపుగాలిని బండిలోకి లాగుతుంది.

బండిలో కరెంటు ఇచ్చే జనరేటర్ ఆగితే ముందు పెట్రోలు ముల్లు చూడండి. చాలా బళ్లలో పావు ట్యాంకు దగ్గరే దానికి పెట్రోలు అందదు, బండి మాత్రం నడుస్తుంది! తర్వాత ఇంజనాయిల్. జనరేటర్ కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) ఉన్న రకమైతే, 8,000 అడుగుల ఎత్తులో గాలి పలచబడి నల్లపొగ కక్కవచ్చు. ఆల్టిట్యూడ్ మీట (ఎత్తుకు తగ్గట్టు సర్దే మీట) ఉంటే తిప్పి సరిచేయాలి. కార్బన్ మోనాక్సైడ్ (వాసన లేని విషవాయువు) అలారం మోగితే మరమ్మతు సంగతి తర్వాత, ముందు అందరూ బయటికి రండి.

– ఒక పాఠకుడు